నాంపల్లి మేడమీద చూసిన తలనొప్పులు

గుండెనొప్పి అంటూ ఎవరైనా వస్తే డాక్టరు కుర్చీలోంచి లేస్తాడు. తలనొప్పి అంటూ వస్తే లేవడు. చాలామంది తల కూడా ఎత్తరు. చేతిలో కలం అప్పటికే ఏదో గోలీ పేరు రాయడం మొదలుపెట్టేసి ఉంటుంది. ముప్పై ఏళ్ళకు పైగా రోగులను చూసి, ఈమధ్యే పని మానుకున్నాను. కొత్తగా డాక్టర్లవుతున్న పిల్లలు ఏమైనా చెప్పమని అడిగితే నాకు ముందు గుర్తొచ్చేవి తలనొప్పులే. పెద్ద జబ్బుల గురించి మీకు పుస్తకాలు బాగానే చెబుతాయి. రోజూ వచ్చి విసుగు పుట్టించే ఈ నొప్పిలోనే ఎప్పుడో ఒకసారి పెద్ద ప్రమాదం కూడా కలిసి వస్తుంది. దాన్ని ఎలా పట్టుకోవాలో నాకు పుస్తకం నేర్పలేదు. ఒక మనిషి నేర్పారు.

నా పేరు ఎస్తేరు రాణి. మాది మెదక్ వైపు. నాన్న మిషను బడిలో లెక్కల మాస్టారు. చదువయ్యాక నేను చేరిన క్లినిక్ అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు వెళ్ళే దారిలో, ఒక సందులో, గడియారాలు బాగుచేసే దుకాణం పై అంతస్తులో ఉండేది. అది డాక్టర్ గిరిధర్‌రావు గారిది. అందరికీ గిరిధర్ సార్. వాళ్ళది గౌలిగూడలో తరాల నుంచి బట్టల వ్యాపారం చేస్తున్న కుటుంబం. ఇంట్లోవాళ్ళు దుకాణంలో కూర్చోమంటే వినకుండా డాక్టరయ్యారు. అయినా దుకాణం అలవాటు ఒకటి ఆయనలో ఉండిపోయింది. వచ్చినవాళ్ళను ముందు కూర్చోబెట్టడం, మంచినీళ్ళు ఇప్పించడం, వాళ్ళ మాట అయ్యేదాకా తన మాట మొదలుపెట్టకపోవడం.

ఆయన దేవుడేమీ కాదు. ఆకలేస్తే చిరాకు. మందుల కంపెనీల వాళ్ళు మెట్లెక్కి వస్తుంటే చెవులు చిల్లులు పడేలా అరిచేవారు. కంప్యూటర్ అంటే పడదు. కానీ తలనొప్పి చెప్పుకునే మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు ఆయన వినే తీరు చూసి నేను ఇంటికి వెళ్ళి మా ఆయనకు చెప్పుకునేదాన్ని. అంత ముచ్చటగా ఉండేది.

ఏం చేస్తరు?

చేరిన కొత్తల్లో నేను పుస్తకంలో ఉన్న వరసలోనే అడిగేదాన్ని. నొప్పి ఎక్కడ? ఎప్పటి నుంచి? పోటా, మంటా, బరువా? పాపం, వాళ్ళు తికమకపడేవాళ్ళు. అబిడ్స్‌లో చీరల దుకాణంలో పనిచేసే నర్సింగరావు అనే ఆయన నన్ను కాసేపు చూసి, "నొప్పి నొప్పి లెక్కనే ఉంటది డాక్టరమ్మా, ఇంకెట్ల ఉంటది?" అన్నాడు.

పక్క బల్ల దగ్గర నుంచి సార్ అందుకున్నారు.

"నొప్పి వచ్చినప్పుడు మీరేం జేస్తరు?"

"ఏం జేస్త సార్, చీరలు మడత పెట్టుకుంటనే ఉంట."

"పండుకోవాలనిపిస్తదా? వాంతికొచ్చినట్టయితదా?"

"లేదు సార్. అన్నం తింట, ముచ్చట పెడ్త, బేరం జేస్త. గని పొద్దుగూకేసరికి తల సుట్టూ గుడ్డ గట్టి బిగిచ్చినట్టయితది. మెడ గూడ పట్టేస్తది."

ఆయన వెళ్ళాక సార్ నాతో, "నొప్పి ఎట్లుంటదంటె మనిషి చెప్పలేడు ఎస్తేరమ్మా. నొప్పొస్తె ఏం జేస్తడంటె చెప్తడు" అన్నారు.

ఈ ఒక్క ప్రశ్నతో సగం పని అయిపోతుందని నాకు తర్వాతి రోజుల్లో అర్థమైంది. తల చుట్టూ పట్టీ బిగించినట్టుండి, రెండువైపులా సమానంగా నొప్పి పెడుతూ, అయినా మనిషి తన పని తాను చేసుకోగలుగుతుంటే అది అందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే మామూలు తలనొప్పి. మెడ కండరాలు బిగుసుకోవడం, నిద్ర చాలకపోవడం, చికాకులు. చీకటి గదిలోకి వెళ్ళి కదలకుండా పడుకుంటే అది వేరే నొప్పి. ఒకచోట కూర్చోలేక, నిలబడలేక తిరుగుతుంటే అది ఇంకొకటి.

నర్సింగరావు నొప్పిలో ఒక మెలిక ఉంది. ఆయన రోజూ పొద్దునే మందుల షాపులో తలనొప్పి గోలీలు కొనుక్కుని జేబులో వేసుకుని దుకాణానికి వెళ్ళేవాడు. నొప్పి వచ్చినా రాకున్నా వేసుకునేవాడు. అలా నెలల తరబడి వాడితే ఆ గోలీలే తలనొప్పి తెచ్చిపెడతాయి. మందు దిగిపోగానే నొప్పి, నొప్పి రాగానే మందు. ఈ సంగతి చెబితే ఆయన నమ్మలేదు.

"నొప్పికి ఏసుకునే గోలీతోని నొప్పొస్తదా సార్? ఏందిది, మజాకా?"

"మజాకా గాదు. ఆపి సూడుండ్రి. మొదట్ల ఇంకింత ఎక్కువైతది, నన్ను తిట్టుకుంటరు. తిట్టబుద్ధయినప్పుడల్ల మెట్లెక్కి ఈడికే రాండ్రి."

ఆయన నిజంగానే వచ్చాడు. దుకాణం మూసి ఇంటికి వెళ్ళే ముందు బెంచీ మీద తల పట్టుకుని కూర్చునేవాడు. సార్ మధ్యమధ్యలో బయటికి వచ్చి భుజం తట్టి వెళ్ళేవారు. అంతకు మించిన వైద్యం ఏమీ జరగలేదు. కొన్నాళ్ళకు నొప్పి సన్నగిల్లింది. తర్వాత వారానికోసారి అయింది. ఆ గడ్డు రోజులు దాటడానికి ఆయన చూపిన ఓపిక నేను చాలామందిలో చూడలేదు. దీపావళికి స్వీటు డబ్బా తెచ్చి, "సార్, ఇన్ని రోజులు గోలీలకు నేను నౌకరీ జేసిన" అన్నాడు.

నల్లబల్ల మీద మాయమైన అక్షరాలు

ప్రమీల టీచర్ నాంపల్లిలో ఒక బడిలో తెలుగు చెప్పేది. నెలకోసారి తలలో ఒకవైపు సుత్తితో కొట్టినట్టు నొప్పి వచ్చేది. వెలుతురు పడదు, చప్పుడు పడదు, కూర తాలింపు వాసన కూడా పడదు. వాంతులు. ఎవరో సైనస్ అన్నారు, ముక్కు కడిగించారు. ఎవరో చూపు అన్నారు, కళ్ళజోడు మార్పించారు. తెచ్చిన ఎక్స్‌రేలన్నీ ఒక సంచీలో ఉన్నాయి. సార్ ఆ సంచీ పక్కన పెట్టించారు.

"నొప్పి మొదలు గాకముందు కండ్ల ముందర ఏమన్న కనిపిస్తదా అమ్మా?"

ఆమె పక్కనే ఉన్న భర్త వైపు చూసింది. ఆయన ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. వాచీ చూసుకుంటున్నాడు. సార్ మందుల చీటీ మీద ఒక మూల నుంచి వంకర టింకరగా, రంపం పళ్ళలా, అర్ధచంద్రాకారంలో ఒక గీత గీసి ఆమె ముందుకు జరిపారు. ఆమె ఆ గీత చూసి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"గిదే సార్. మెరుస్తది. మెల్లగ పెద్దగైతది. నల్లబల్ల మీద నేను రాసిన అక్షరాలల్ల సగం మాయమైతయి. ఎవరికన్న చెప్తె పిచ్చి అంటరని చెప్పలే. మీకెట్ల తెలుసు సార్?"

"మీ లెక్కటోళ్ళు మస్తుమంది చూపెట్టిన్రమ్మా నాకు. పిచ్చి గాదు. దీనికి పేరుంది, మందుంది."

అది మైగ్రేన్. అందరికీ ఆ మెరుపు కనిపించదు. కొద్దిమందికే కనిపిస్తుంది. చాలామందికి నొప్పి, వాంతి, వెలుతురు పడకపోవడం, ఇవే ఉంటాయి. ఆడవాళ్ళలో ఎక్కువ. నెలసరి దగ్గరపడినప్పుడూ, భోజనం వేళ తప్పినప్పుడూ, నిద్ర చెడినప్పుడూ, ఎండలో తిరిగినప్పుడూ వస్తుంది. ముఖంలో నొప్పి, ముక్కు కారడం కూడా ఉంటాయి కాబట్టి సైనస్ అని పొరబడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఇదంతా ఏ మంచి డాక్టరైనా చెబుతాడు. సార్‌ను నేను మెచ్చుకునేది ఆ తర్వాత చేసిన పనికి. ప్రమీలను బయట కూర్చోమని, భర్తను లోపల ఉంచారు.

"మీకు ఎన్నడన్న బస్సుల కడుపుల తిప్పి వాంతులైనయా?"

"శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద అయినయి సార్."

"ఆ టైంల ఎవరన్న వచ్చి ఛాయ్ పెట్టున్రి, బట్టలు ఇస్త్రీ జెయ్యున్రి అంటె చేస్తరా?"

"యాడ చేస్త సార్. కండ్లు గూడ తెరవలే."

"ఆమెకు గదే. దానిమీద తల పగిలే నొప్పి. ఇగ నుంచి నొప్పి మొదలైందంటె మందు ఏసుకుంటది. మీరు కిటికీ మూయుండ్రి. టీవీ బంద్ జెయ్యుండ్రి. ఎట్లుంది ఎట్లుంది అని పదిసార్లు అడగకుండ్రి. చాలు."

ఆయన తల వంచుకుని, "నాటకమనుకున్న సార్" అన్నాడు. సార్ మందలించలేదు. "చాన మంది గట్లనే అనుకుంటరు. ఇప్పుడు తెలిసింది గదా" అన్నారు. తర్వాతిసారి మందుల కోసం భర్తే వచ్చాడు. కిటికీకి మందపాటి పర్దా కుట్టించానని ఆయన చెబుతుంటే ఏదో ఇల్లు కట్టించినంత గర్వంగా ఉంది ఆ గొంతు.

కూర్చోలేని మనిషి

యాదగిరి మొజంజాహీ మార్కెట్ దగ్గర ఐస్‌క్రీం దుకాణంలో గల్లా మీద కూర్చునేవాడు. ఏటా చలి మొదలయ్యే రోజుల్లో, కొన్ని వారాల పాటు, రోజూ మధ్యాహ్నం భోజనం అయ్యాక అతని కుడికంటి వెనక నొప్పి పుట్టేది. ఆ కన్ను ఎర్రబడి నీళ్ళు కారేది. అటువైపు ముక్కు మూసుకుపోయేది. కూర్చోలేక రోడ్డు మీదికి వచ్చి, తల పట్టుకుని ఇటూ అటూ తిరిగేవాడు. చూసినవాళ్ళు తాగాడనుకున్నారు. దుకాణం యజమానికీ అదే అనుమానం. పంటి నొప్పేమోనని బాగున్న పళ్ళు రెండు పీకించుకున్నాడు. తాయెత్తులు కట్టించుకున్నాడు. కొన్ని వారాలయ్యాక నొప్పి దానంతట అదే పోయేది. మళ్ళీ ఏడాది వచ్చేది.

ఒక మధ్యాహ్నం నొప్పితోనే మా మెట్లెక్కాడు. పైకి రాగానే నుదురు గోడకేసి కొట్టుకోవడం మొదలుపెట్టాడు. బెంచీ మీద ఉన్నవాళ్ళు లేచి దూరం జరిగారు. మా నర్సు మేరీ అతన్ని పట్టుకుని కూర్చోబెట్టబోయింది.

"కూసోబెట్టకుండ్రి!" సార్ లోపలి నుంచి పరుగున వచ్చారు. "నిలవడనియ్యుండ్రి. తిరగనియ్యుండ్రి. ఎస్తేరమ్మా, ఆక్సిజన్!"

ఆయాసంతో వచ్చేవాళ్ళ కోసం మా దగ్గర ఆక్సిజన్ సిలిండర్ ఉండేది. దాన్ని దొర్లించుకొచ్చాను. సార్ అతని మూతికి మాస్కు పెట్టి, గాలి ధారాళంగా వచ్చేట్టు తిప్పి, ఒక చేత్తో మాస్కు, ఇంకో చేత్తో అతని భుజం పట్టుకున్నారు. యాదగిరి ఉన్నచోటే కాళ్ళు కదుపుతూ, మూలుగుతూ పీల్చాడు. మేమందరం చూస్తూ నిలబడ్డాం. కొద్దిసేపటికి కాళ్ళ కదలిక నెమ్మదించింది. భుజాలు దిగాయి. తనంతట తానే మాస్కు తీసి సార్ ముఖంలోకి చూశాడు.

"పోయింది సార్."

"పోయిందా?"

"పోయింది. గిన్నేండ్లల్ల ఎవరన్న చేత్తోని తీసేసినట్టు పోవుడు ఇదే మొదలు." అలాగే నేల మీద కూర్చుని, మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాడు.

దీన్ని క్లస్టర్ తలనొప్పి అంటారు. గుంపుగా రోజుల తరబడి వచ్చి, తర్వాత నెలలకు నెలలు కనిపించదు. మనిషికి తెలిసిన నొప్పుల్లో ఇది చాలా క్రూరమైనది. అది ఉన్నవాళ్ళు కదలకుండా పడుకోలేరు, అదే దాని గుర్తు. రాకుండా ఆపడానికి వేరే మందులున్నాయి, అవీ ఇచ్చాం. మరునాడు సార్ నడుచుకుంటూ మార్కెట్‌కు వెళ్ళి, ఆ యజమాని ఎదుట నిలబడి, "మీ పిలగాడు తాగడు. ఆయనకున్న నొప్పి మనకొస్తె మనం గోడలు కూలగొడ్తం" అని చెప్పి వచ్చారు. యాదగిరి ఆ గల్లా మీదే ఇంకా చాలా ఏళ్ళు కూర్చున్నాడు.

స్కాన్ గురించి ఒక మాట

ఇప్పుడు తలనొప్పి మొదలైన మర్నాడే స్కాన్ తీయించుకుని వస్తున్నారు. కొందరు డాక్టర్లు మనిషి ముఖం చూడకుండానే రాసి పంపుతున్నారు. నేను మొహమాటం లేకుండా చెబుతాను, ఇది వినే ఓపిక లేక చేసే పని. ప్రమీలకు, యాదగిరికి, నర్సింగరావుకు స్కాన్ తీస్తే ఏమీ కనిపించదు. ఏమీ లేదంటే నొప్పి లేదని కాదు. ఆ మాట విన్న రోగి సిగ్గుపడి ఇంటికి వెళతాడు, నొప్పి అతనితోపాటే వెళుతుంది.

అలాగని స్కాన్ వద్దనడం లేదు. పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా, జీవితంలో ఎన్నడూ లేనంత నొప్పి వస్తే ఆలస్యం చేయకూడదు. జ్వరంతో పాటు మెడ వంగకపోతే, మాట తడబడితే, చేయో కాలో పట్టు తప్పితే, పొద్దున లేస్తూనే నొప్పీ వాంతీ ఉండి దగ్గితే ఎక్కువవుతుంటే, తలకు దెబ్బ తగిలాక నొప్పి పెరుగుతుంటే వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. సార్ రెండో ప్రశ్న ఎప్పుడూ ఇదే: "గిట్లాంటి నొప్పి ఇంతకుముందు వచ్చిందా?" పాత నొప్పికి ఓపిక కావాలి, కొత్త నొప్పికి భయం కావాలి. ముఖ్యంగా వయసు మళ్ళినవాళ్ళకు కొత్తగా వస్తే.

అలాంటిదాన్ని ఒకసారి సారే జారవిడిచారు.

సరోజనమ్మ

అబిడ్స్‌లో స్వెట్టర్లు అల్లే ఉన్ని, లేసులు, కుట్టు దారాలు అమ్మే చిన్న దుకాణం సరోజనమ్మది. డెబ్బై దాటినా కొడుకు శ్రీనివాస్‌తో పాటు రోజూ కూర్చునేది. బీపీ చూపించుకోవడానికి ఏళ్ళుగా సార్ దగ్గరికే వచ్చేది. ఆ రోజు నేను చుట్టాల పెళ్ళికి మెదక్ వెళ్ళాను. జరిగింది తర్వాత సార్ నోటితోనే విన్నాను.

వానలు పడి జ్వరాలు ముసిరిన రోజులు. మెట్ల మీద కూడా జనం. సార్‌కు భోజనం వేళ దాటిపోయింది. సరోజనమ్మ వచ్చి, తల నొస్తోందనీ, దువ్వెన పెడితే ఓర్వలేకపోతున్నాననీ, రొట్టె నమిలితే దవడ గుంజుతోందనీ చెప్పింది. సార్ బీపీ చూసి, "కట్టుడు పండ్ల సెట్టు వదులైందేమో అమ్మా, పండ్ల డాక్టరుకు చూపిచ్చుకోండ్రి" అని, నొప్పికి గోలీ రాసి పంపారు. ఇంతకుముందు ఇలాంటి నొప్పి వచ్చిందా అని ఆ ఒక్కరోజు అడగలేదు.

వారం తిరిగాక ఒక ఉదయం శ్రీనివాస్ చేయి పట్టుకుని ఆమె మెట్లెక్కి వచ్చింది. అప్పుడు నేనున్నాను.

"సారూ, పొద్దుగాల లేస్తె ఎడమ కంటికి పర్దా పడ్డట్టయింది. ఏం కనవడుతలేదు."

సార్ లేచి, ఆమె కణత మీద వేలు పెట్టారు. నన్ను కూడా పెట్టమన్నారు. చర్మం కింద రక్తనాళం గట్టిగా, గడ్డకట్టిన తాడులా తగిలింది. అందులో నాడి కొట్టుకోవడం లేదు. ఆమె నొప్పికి ముఖం ముడుచుకుంది.

"మొన్న దవడ గుంజుతుందని చెప్పిన్రు గదమ్మా," అన్నారు సార్ నెమ్మదిగా.

"చెప్పిన సారూ."

సార్ ముఖంలో రక్తం ఇంకిపోవడం చూశాను. కానీ చేతులు ఆగలేదు. వయసు మళ్ళినవాళ్ళకు కణతల్లోని రక్తనాళాలు వాచే జబ్బు అది. తల తాకితే నొప్పి, నమిలితే దవడ అలుపు. వాపు కంటికి వెళ్ళే నాళంలోకి పాకితే చూపు పోతుంది. ఒక కన్ను పోయాక రెండోదానికి ఎక్కువ గడువు ఇవ్వదు. రక్తం పరీక్షకు తీశాం కానీ ఫలితం కోసం ఆగకుండా సార్ అక్కడికక్కడే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. నిండిన బెంచీలను నాకు అప్పజెప్పి, తనే ఆటో పిలిచి, తల్లీకొడుకులతో కంటి ఆసుపత్రికి వెళ్ళారు.

మరునాడు ఆసుపత్రి వార్డులో నేనూ ఉన్నాను. ఎడమకంటి చూపు తిరిగి రాదని కంటి డాక్టర్లు తేల్చారు. కుడికన్ను నిలబడేట్టే ఉందన్నారు. సార్ మంచం దగ్గర నిలబడి చేతులు కట్టుకున్నారు.

"శ్రీనివాస్, అమ్మ మొన్ననే నాకు అన్ని చెప్పింది. నేను పట్టుకోవాల్సింది. పట్టుకుంటె ఈ కన్ను పోకపోతుండె. తప్పు నాది."

శ్రీనివాస్ గొంతు లేచింది. "ఇన్నేండ్ల సంది మిమ్ముల్ని నమ్ముకుంటిమి గదా సార్! ఒక్క కన్ను... ఒక్క కన్ను ఊర్కెనే పాయె గదా! అమ్మా, నడువు, ఇంకో డాక్టర్ దగ్గరికి పోదం."

సార్ సాకు చెప్పలేదు. జనం ఎక్కువని గానీ, ఆకలని గానీ అనలేదు.

సరోజనమ్మ పడుకునే చేయెత్తి కొడుకును ఆగమంది. "ఏ డాక్టర్ దగ్గరికి పోతం బిడ్డా? ఇంకో డాక్టర్ గూడ ఎన్నడో ఒకనాడు తప్పు జేస్తడు. జేసిన అని చెప్తడో చెప్పడో. ఈయన చెప్పిండు." సార్ వైపు తిరిగి, "నాకు మస్తు బాధగున్నది సారూ. కోపం గూడ ఉన్నది. గని ఉన్న ఈ కన్ను నువ్వే సూడాలె" అంది.

సార్ ఆ కన్ను చూశారు. మందు చాలాకాలం వాడాలి, మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి. తొందరపడి తగ్గిస్తే చూపుకు ముప్పు, ఎక్కువ వాడితే షుగరు, ముఖం వాపు, ఎముకల బలహీనత. అవన్నీ ఆమెకు వచ్చాయి. ఒంటికన్నుతో ఛాయ్ పోస్తే కప్పు పక్కన పడేది, సూదిలో దారం ఎక్కేది కాదు. మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి రెండూ నేర్చుకుంది. సార్ ప్రతివారం క్లినిక్ ముగించి ఆ దుకాణానికి నడిచి వెళ్ళి చూసి వచ్చేవారు. మొదట్లో శ్రీనివాస్ ముఖం తిప్పుకునేవాడు. కొన్ని నెలలకు స్టూలు తెచ్చి వేశాడు.

ఉన్ని దుకాణంలో పాఠం

మా దగ్గరికి పని నేర్చుకోవడానికి కొత్త డాక్టర్లు వస్తుండేవారు. ఆ సంగతి జరిగాక సార్ వాళ్ళందరినీ ఒకరోజు సరోజనమ్మ దుకాణానికి తీసుకుపోవడం మొదలుపెట్టారు. ఆమె అనుమతి అడిగే చేశారు. ఆమె ఉన్ని ఉండల మధ్య కూర్చుని, నొప్పి ఎలా మొదలైందో, దువ్వెన ఎందుకు పక్కన పెట్టిందో, రొట్టె ఎందుకు మానేసి గంజి తాగిందో చెప్పేది. చివర్లో ఏ దాపరికం లేకుండా, "సారుకు చెప్పిన. సారుకు వినవడలే" అనేది. సార్ అప్పుడు కూడా అక్కడే, పిల్లల వెనక, తల వంచుకోకుండా నిలబడి వినేవారు. ప్రతిసారీ.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "మీరే చెప్పొచ్చు కదా సార్, క్లినిక్‌లో?"

"నేను చెప్తె నన్ను నేను జర కాపాడుకుంట ఎస్తేరమ్మా. ఆమె కాపాడదు."

పెద్దపేరున్న డాక్టర్లను చాలామందిని చూశాను. ఇలా నిలబడగలిగినవాళ్ళను ఇంకొకరిని చూడలేదు.

ఆ పిల్లల్లో శ్రావణి అనే అమ్మాయి ఉండేది. అందరూ విని దండం పెట్టి కదులుతుంటే తను మాత్రం స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"అమ్మా, నమలంగనే నొప్పొస్తుండెనా, కొంచెం నమిలినంకనా?"

సరోజనమ్మ ముఖం విప్పారింది. "గిది ఎవ్వరు అడగలే బిడ్డా. మొదటి బుక్కకు ఏం గాదు. రెండు మూడు బుక్కలు అయినంక దవడ అలిసిపోతది, దూరం నడిస్తె కాళ్ళు గుంజినట్టు. ఆపితె తగ్గుతది. మల్ల నమిలితె మల్లొస్తది. పంటి నొప్పి గట్లుండదు, అది తాకంగనే జివ్వుమంటది."

శ్రావణి తన దవడ మీద చేయి పెట్టుకుని, ఎక్కడెక్కడ గుంజేదో ఆమె చేత చూపించుకుంది.

కొన్నేళ్ళు గడిచాయి. సార్ వయసు పైబడి క్లినిక్ నాకు వదిలేశారు. ఒక ఉదయం శ్రావణి నుంచి ఫోన్. తను ఒక జిల్లా ఆసుపత్రిలో పనిచేస్తోంది. ముందురోజు ఒక ముసలి రైతును ఆయన కూతురు తీసుకొచ్చిందట. తలనొప్పి అని కాదు, అన్నం సగంలో వదిలేసి లేస్తున్నాడని. ఇంట్లో అందరూ మొండితనం అనుకున్నారట. శ్రావణి కణత తాకి చూసింది. రెండు మూడు ముద్దల తర్వాతే దవడ గుంజుతుందా అని అడిగింది. అవునన్నాడు. అక్కడికక్కడే మందు మొదలుపెట్టి పెద్ద డాక్టర్లకు చూపించింది. అదే జబ్బు. చూపు చెక్కుచెదరలేదు.

నేను గౌలిగూడ వెళ్ళి సార్‌ను ఆటో ఎక్కించుకుని సరోజనమ్మ దుకాణానికి తీసుకెళ్ళాను. సార్ చేతికి కర్ర వచ్చింది అప్పటికి. శ్రీనివాస్ ఎదురొచ్చి చేయందించి కూర్చోబెట్టాడు. సంగతంతా చెప్పాను. సరోజనమ్మ అల్లుతున్న స్వెట్టరు ఒళ్ళో పెట్టుకుంది.

"రెండు కండ్లూనా?"

"రెండూ అమ్మా."

"మంచిగ కనవడుతున్నదా?"

"మంచిగ కనబడుతుందంట."

సార్ కర్ర మీద రెండు చేతులూ ఆనించి, "గా రైతుకు నాకంటె మంచి డాక్టర్ దొరికిందమ్మా" అన్నారు.

"దొరకదా మరి సారూ? నేను చదివిచ్చిన పిల్ల గదా."

అప్పుడే ఒకావిడ వచ్చి, మనవరాలి టోపీకి గులాబి రంగు ఉన్ని కావాలంది. సరోజనమ్మ చూపున్న కన్ను అటు వచ్చేలా తల మొత్తం తిప్పి, వెనక అరలోకి చేయి చాపుతూ అడిగింది.

"ఏ గులాబి గావాలె బిడ్డా? లేతదా, ముదురుదా?"